హోరు నుంచి హెడ్‌ఫోన్ల దాకా

(ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడినది మాట్లాడినట్టుగానే ఉంచాం. మధ్యలో వినిపించిన శబ్దాల గురించి కుండలీకరణాల్లో సూచించాం.)

ఇడ్లీలు తింటూనో, పిల్లల్ని తెలుగు బడికి కారులో తీసుకెళుతూనో ఈ కార్యక్రమం వింటున్న మీకందరికీ ముందుగా ఒక చిన్న పరీక్ష. ఇప్పుడు రెండు శబ్దాలు వినిపిస్తాను. రెండిట్లోనూ వాయించింది నేనే. గిటారు ఒకటే, స్వరాలూ అవే. ఒకటి వాక్యూం ట్యూబులున్న అసలు యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టి రికార్డు చేసింది. ఇంకొకటి ఆ యాంప్లిఫయర్‌తో పని లేకుండా, అరచేతి కన్నా కాస్త పెద్దదైన ఒక పెడల్ లోంచి వచ్చింది. ఏది అసలు, ఏది నకలు? మీరు ఊహించి పెట్టుకోండి. చివర్లో చెపుతాను.

(ఇక్కడ పదిహేను సెకన్ల చొప్పున రెండు గిటారు ముక్కలు వినిపించారు.)

తెలుగు కార్యక్రమంలో ఈ ఎలక్ట్రిక్ గిటారు గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళల్లో పిల్లలు పదేళ్ళు రాగానే గిటారు కావాలంటున్నారు. గిటారు కొన్న వారానికి యాంప్లిఫయర్ కావాలంటారు. అది కొన్న మర్నాడు తల్లిదండ్రులకి తలనొప్పి మాత్రలు కావాలి. ఆ మధ్యలో ఎవరో ఒకరు, మోడలింగ్ పెడల్ అని ఒకటుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకోవచ్చు అని చెపుతారు. ఆ పెడల్ ఎక్కడినుంచి వచ్చింది అన్నదే ఇవాళ్టి కథ. విచిత్రం ఏమిటంటే, ఈ కథలో మొదటి నలభై ఏళ్ళూ గిటారు గట్టిగా వినపడాలని పడ్డ తాపత్రయం. తరవాతి నలభై ఏళ్ళూ అదే శబ్దాన్ని చప్పుడు లేకుండా రాబట్టాలని పడ్డ తాపత్రయం.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. 2011లో ఇక్కడ మాస్టర్స్ చదువుకుంటున్నప్పుడు ఒక పాత ట్యూబు యాంప్లిఫయర్ కొన్నాను. నలభై వాట్లది, ఇరవై కిలోలకి పైనే బరువు. చేసింది పేరున్న కంపెనీ ఏమీ కాదు. నలుగురం తెలుగు కుర్రాళ్ళం కలిసి వాయించేవాళ్ళం. తరవాత ఉద్యోగం, చికాగో శివార్లలో అపార్టుమెంటు. నేను స్విచ్చి వేసిన ఐదో నిమిషానికల్లా కింది ఇంటాయన చీపురు కర్రతో వాళ్ళ కప్పు మీద పొడిచేవాడు. ఆయన తప్పు లేదు. పాప పుట్టాక యాంప్లిఫయర్ అలమరలోకి వెళ్ళింది. తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. కన్సల్టెంటు బతుకు మీకు తెలుసు కదా, సోమవారం విమానం ఎక్కితే గురువారం రాత్రి ఇల్లు. మా ఆవిడ చీరల పెట్టె పెట్టుకోవడానికి చోటు లేక, "వాయించనప్పుడు ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ?" అని అడుగుతూ వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. నాకు జవాబు చెప్పడానికి మనసొప్పలేదు. అసలు ఆ పెట్టెలో ఏముందని వదలలేకపోతున్నాను అని ఆలోచిస్తూ ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1920లలో అమెరికాలో డాన్సు బాండ్లు పెద్దవయ్యాయి. ట్రంపెట్లు, సాక్సఫోన్లు, డ్రమ్ముల మధ్య గిటారు వాయించేవాడి పరిస్థితి డప్పుల ఊరేగింపులో వీణ వాయించేవాడి పరిస్థితి లాంటిది. చేతులు కదలడం కనిపించేది గానీ ఏమీ వినిపించేది కాదు. 1931-32 ప్రాంతంలో కాలిఫోర్నియాలో జార్జి బీచం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి దీనికొక దారి కనిపెట్టారు. ఉక్కు తీగల దగ్గర ఒక అయస్కాంతం, దాని పక్కన రాగి తీగ చుట్ట. తీగ మీటితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరుకి పంపిస్తే సరి. వాళ్ళు చేసింది ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయిన్ గిటారు. చూడడానికి పెనంలా ఉండేది కాబట్టి దాన్ని అందరూ వేపుడు పెనం అనే పిలిచారు. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే గిటారు తెచ్చింది. 1939లో చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు దాన్ని పట్టుకుని బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. వెనక వరసలో తాళం వేసే గిటారు ముందు వరసలోకి వచ్చి సాక్సఫోనుతో సమానంగా మాట్లాడింది.

మరి ఆ చిన్న విద్యుత్తుని పెంచేది ఎవరు? వాక్యూం ట్యూబు. మనవాళ్ళు వాల్వు అనేవారు. గాజు బుడ్డి లోపల వేడెక్కిన ఫిలమెంటు, చుట్టూ శూన్యం. 1906లో లీ డి ఫారెస్ట్ చేసిన ట్యూబు నుంచి రేడియోలు చాలావరకు దీని మీదే నడిచాయి. అందుకే తొలి గిటారు యాంప్లిఫయర్లు రేడియోలకి దగ్గర చుట్టాలు. లియో ఫెండర్ పేరు మీరు విని ఉంటారు. ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్న మనిషి. గిటారు వాయించడం ఆయనకి రాదు. ఊళ్ళో వాద్యగాళ్ళు తెచ్చే యాంప్లిఫయర్లు బాగు చేస్తూ చేస్తూ, వీటికన్నా గట్టివి తనే చెయ్యగలనని 1946లో సొంత కంపెనీ పెట్టాడు.

ఇది చదివినప్పుడు నాకు తెనాలిలో మా తాతగారి వాల్వు రేడియో గుర్తొచ్చింది. స్విచ్చి వేసిన అర నిమిషానికి గానీ పలికేది కాదు. ముందు వెనకవైపు ఎర్రటి వెలుగు, తరవాత సన్నటి జుంయ్‌మనే చప్పుడు, ఆ తరవాత విజయవాడ కేంద్రం. అది వేడెక్కేదాకా మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు తాతగారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతూ దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేసేశారు. దాని ఫోటో ఒకటుంది గానీ, అది పలికిన తీరు ఎక్కడా లేదు.

సరే, కథలోకి వద్దాం. ట్యూబుకి ఒక స్వభావం ఉంది. దాని శక్తికి మించి పని చెపితే శబ్ద తరంగం తలలూ పాదాలూ చదును చేసేస్తుంది. గిన్నె అంచు దాకా వచ్చిన పాలు ఇంక పైకి లేవలేక పక్కలకి పొర్లినట్టన్నమాట. అలా చదునైన తరంగంలో మొదట లేని కొత్త హార్మోనిక్స్ పుడతాయి. స్వరం గరుకుగా, నిండుగా, ఎక్కువసేపు సాగేట్టు అవుతుంది. ఇంజనీర్ల లెక్కలో ఇది లోపం. ఫెండర్ కూడా జీవితమంతా స్వచ్ఛమైన శబ్దం కోసమే పాటుపడ్డాడు. కానీ కుర్రాళ్ళకి ఆ లోపమే నచ్చింది.

ఈ లోపం చరిత్ర అంతా ప్రమాదాల చరిత్రే. 1951లో మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ స్టూడియోలో ఐక్ టర్నర్ బృందం "రాకెట్ 88" పాట రికార్డు చేసింది. దార్లో దెబ్బతిన్న యాంప్లిఫయర్ స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాడారు, ఆ బరబర శబ్దం పాటలో నిలిచిపోయింది. 1958లో లింక్ రే "రంబుల్" కోసం స్పీకరుకి పెన్సిలుతో బెజ్జాలు పెట్టాడు. మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుంటే నాష్‌విల్ స్టూడియోలో ఒక పరికరం పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు చిరిగిన గుడ్డలా పలికింది. చెరిపెయ్యకుండా ఉంచారు. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ పాడైన శబ్దాన్ని కావాలని తయారు చేసే పెట్టె ఒకటి రూపొందించాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్-టోన్ అనే పేరుతో బజారులోకి వచ్చింది. ఫజ్ పెడల్ అన్నమాట అక్కడినుంచే. 1964లో లండన్‌లో కింక్స్ బృందం కుర్రాడు డేవ్ డేవిస్ తన చిన్న యాంప్లిఫయర్ స్పీకరుని బ్లేడుతో కోసేశాడు. మొత్తం మీద బాగున్న వస్తువుని పాడు చెయ్యడం ఒక కళ అయింది.

ఇంతలో లండన్ శివార్లలోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారు ఒక కొట్టు పెట్టాడు. దగ్గరకొచ్చే కుర్రాళ్ళకి ఫెండర్ యాంప్లిఫయర్లు కావాలి, కానీ అమెరికా నుంచి తెప్పించాలంటే తడిసి మోపెడవుతుంది. అంచేత 1962లో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రాళ్ళతో కలిసి ఫెండర్ బాస్‌మన్ యాంప్లిఫయర్ సర్క్యూటుని చూసి ఇంగ్లండులో దొరికే భాగాలతో ఒకటి చేశారు. అదే జేటీఎం45. ట్యూబులు వేరు, ట్రాన్స్‌ఫార్మర్లు వేరు, వెనక మూసేసిన పెట్టెలో పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగు. కాగితం మీద సర్క్యూటు ఇంచుమించు ఒకటే గానీ గొంతు మాత్రం పూర్తిగా వేరయింది. ఇది గుర్తుంచుకోండి: రాక్ సంగీతంలో అందరూ అసలైన శబ్దమని పూజించే మార్షల్ కూడా మొదట ఒక నకలే.

తరవాత హోరు పోటీ మొదలైంది. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో బీటిల్స్ కచేరీకి 55,600 మంది వచ్చారు. వోక్స్ కంపెనీ ప్రత్యేకంగా చేసిన వంద వాట్ల యాంప్లిఫయర్లు పెట్టినా, జనం కేకల్లో పాట కొట్టుకుపోయింది. అప్పట్లో వాద్యాల శబ్దాన్ని మైకులతో పట్టి హాలంతా వినిపించే ఏర్పాట్లు సరిగ్గా లేవు. వెనక వరసకి వినపడాలంటే యాంప్లిఫయరే అరవాలి. ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ మార్షల్ వెంటపడి వంద వాట్లది చేయించుకున్నాడు. స్టేజీ మీద మనిషికన్నా ఎత్తున పెట్టె మీద పెట్టె నిలబెట్టారు.

అలా ఒక ముడి పడిపోయింది. అందరికీ నచ్చిన ఆ నిండైన శబ్దం ట్యూబులు అలిసిపోయినప్పుడే వస్తుంది. ట్యూబులు అలిసిపోవాలంటే గట్టిగా పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరూ, స్పీకరు కాగితమూ కూడా ఆ ఒత్తిడిలోనే తమ వంతు కలుపుతాయి. అంటే రుచి, హోరు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తగ్గిస్తే రుచి పోతుంది, పెంచితే కింది ఇంటాయన చీపురు కర్ర తీస్తాడు.

ఇక్కడ ఒక్క నిమిషం మన వైపు చూద్దాం. తీగకి విద్యుత్తు తగిలిస్తే గోల ఒక్కటే వస్తుందనుకోకండి. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేతిలో ఉన్నదీ ఎలక్ట్రిక్ వాద్యమే. మామూలు మాండలిన్ మీద స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకం పలికేందుకు వ్యవధి ఉండదు. ఆయన జంట తీగల బదులు ఒంటి తీగలు పెట్టిన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, ఆ సాగే గుణంతో కర్ణాటక సంగీతం పలికించారు. రాక్ గిటారిస్టు స్వరాన్ని విరగ్గొట్టడానికి వాడిన విద్యుత్తునే ఆయన స్వరాన్ని నిలబెట్టడానికి వాడారు. 2014లో ఆయన చిన్న వయసులోనే పోవడం మన దురదృష్టం.

ఆ ముడి విప్పిన మొదటివాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి టామ్ షోల్జ్. ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఇంటి నేలమాళిగలో పాటలు రికార్డు చేసుకునేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి గిటారు. మనలాంటివాడే! ఆ పాటలే 1976లో బోస్టన్ అనే బృందం మొదటి ఆల్బంగా వచ్చి కోటికి పైగా అమ్ముడయ్యాయి. రాత్రిపూట వాయించేవాడి కష్టం తెలిసినవాడు కాబట్టి ఆయన ముందు పవర్ సోక్ అని ఒకటి చేశాడు. యాంప్లిఫయరుకీ స్పీకరుకీ మధ్య దాన్ని పెడితే, ట్యూబులు గొంతు చించుకుంటున్నా ఆ శక్తిలో చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. 1982లో రాక్‌మన్ అని ఇంకొకటి చేశాడు. నడుముకి తగిలించుకునే వాక్‌మన్ అంత పెట్టె, అందులో గిటారు దూర్చి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడమే. లోపల ట్యూబులు లేవు, స్పీకరూ లేదు. అవి ఉన్నట్టు చెవిని నమ్మించే సర్క్యూట్లు మాత్రం ఉన్నాయి. 1989లో న్యూయార్కు నుంచి ఆండ్రూ బార్టా చేసిన శాన్సాంప్ వచ్చింది. పేరుకి అర్థమే "యాంప్లిఫయర్ లేకుండా" అని.

ఇంతకీ ఈ పెట్టెలు నమ్మించాల్సింది రెండు వేరువేరు సంగతుల్ని. యాంప్లిఫయరుని ఒకటి, స్పీకరున్న కాబినెట్టుని ఒకటి. రెండోదాని విలువ నాకు ఎలా తెలిసిందో చెపుతాను. రెండేళ్ళ కిందట హోటల్ గదుల్లో వాయించుకోడానికి ఒక మోడలింగ్ పెడల్ కొన్నాను. కిందటి ఏడాది మన ఉగాది వేడుకల్లో పిల్లల పాటకి గిటారు వాయించమన్నారు. యాంప్లిఫయర్ మొయ్యక్కర్లేదని సంబరపడి, పెడల్ జేబులో వేసుకుని వెళ్ళి నేరుగా మిక్సరుకి తగిలించాను. కంగారులో కాబినెట్టు మీట ఆఫ్‌లో ఉండిపోయింది. మొదటి దెబ్బకే హాలంతా తేనెపట్టు కదిలించినట్టు రొద. ముందు వరసలో కూచున్న బామ్మగారు రెండు చెవులూ మూసుకున్నారు. మా పాప స్టేజీ మీదనుంచి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మీట వేశాక అదే వాయింపు గిటారులా పలికింది.

కారణం ఏమిటంటే, గిటారు స్పీకరు ఇంట్లో పాటలు వినే స్పీకరు లాంటిది కాదు. ఇంటి స్పీకరు ఇరవై వేల హెర్ట్జ్ దాకా పలకాలని చూస్తుంది. గిటారు స్పీకరు ఐదు వేలు దాటాక నిటారుగా పడిపోతుంది. పైనున్న ముళ్ళన్నిటినీ అది వడపోసేస్తుంది. మనం ఎలక్ట్రిక్ గిటారు శబ్దం అనుకునేదాంట్లో సగం ఆ వడపోతే.

ఈ వడపోతని పట్టుకోవడం ఎలా? మీలో చాలామంది గోల్కొండ కోట చూసే ఉంటారు. కింద ఫతే దర్వాజా కమాను దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సారులో వినపడుతుంది. చప్పట్లే ఎందుకు కొడతారు? అది ఒక్క క్షణంలో పుట్టి చచ్చిపోయే శబ్దం. అందులో అన్ని ఫ్రీక్వెన్సీలూ కొంచెం కొంచెం ఉంటాయి. అంచేత దాని తరవాత మనకి వినపడేదంతా ఆ కమాను ఇచ్చిన జవాబు. దీన్నే ఇంజనీర్లు ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. స్పీకరులోకి అలాంటి క్షణికమైన శబ్దం, లేదా దానికి సమానమైన పరీక్ష శబ్దం పంపి, మైకుతో ఆ జవాబు రికార్డు చేసుకుంటే చాలు. తరవాత ఏ శబ్దాన్నైనా ఆ జవాబుతో గుణించి కూడితే, దాన్ని అదే స్పీకరులోంచి, అదే మైకుతో విన్నట్టే ఉంటుంది. సెకనుకి 48,000 నమూనాలు, జవాబు పొడుగు 2,048 నమూనాలు అనుకోండి. మామూలు పద్ధతిలో సెకనుకి దాదాపు 9 కోట్ల 83 లక్షల గుణకారాలు. 1970లలో ఇది గిటారిస్టు ఊహకి అందని పని, ఇప్పుడు అరచేతి పెడల్ చేసేస్తోంది.

అయితే ఈ చిట్కా స్పీకరుకి పనికొచ్చినంత తేలిగ్గా యాంప్లిఫయరుకి పనికిరాదు. స్పీకరు రెండింతలు ఇస్తే ఇంచుమించు రెండింతలే తిరిగి ఇస్తుంది. ట్యూబు అలా కాదు. మెల్లగా మీటితే ఒక రకం, గట్టిగా మీటితే ఇంకో రకం. కొంచెం సేపటి క్రితం ఎంత గట్టిగా మీటామన్నది కూడా గుర్తుంచుకుంటుంది. అందుకే దాన్ని పట్టుకోవడం అంత తేలిక కాలేదు. 1995లో రోలాండ్ కంపెనీ వీజీ-8, 1996లో లైన్ 6 కంపెనీ ఆక్సిస్ 212 అనే డిజిటల్ మోడలింగ్ యాంప్లిఫయర్ తెచ్చాయి. 1998లో లైన్ 6 వాళ్ళదే పాడ్ వచ్చింది. ఎర్రగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉండేది. పడగ్గదుల్లో రికార్డు చేసుకునేవాళ్ళ ప్రపంచం దాంతో మారిపోయింది. పద్ధతి ఏమిటంటే, ప్రఖ్యాతి చెందిన ఒక్కొక్క యాంప్లిఫయరునీ కొలిచి, దాని ప్రవర్తనని లెక్కలుగా రాసుకోవడం. 2006లో ఫ్రాక్టల్ ఆడియో సంస్థ ఆక్స్-ఎఫ్ఎక్స్ ఆ లెక్కల్ని ఇంకా లోతుకి తీసుకెళ్ళింది.

2011లో జర్మనీ నుంచి క్రిస్టఫ్ కెంపర్ ఇంకో దారి చూపించాడు. కంపెనీ ఇచ్చిన జాబితాతో సరిపెట్టుకోనక్కర్లేదు. మీ యాంప్లిఫయరునే తెచ్చి తగిలించండి, పెట్టె రకరకాల కూతలు దానిలోకి పంపి, తిరిగొచ్చేది విని, దాని ముద్ర తీసుకుంటుంది. ఆ తరవాత వచ్చింది న్యూరల్ నెట్‌వర్కుల కాలం. 2019 ప్రాంతంలో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయం పరిశోధకులు, ట్యూబు యాంప్లిఫయర్ ప్రవర్తనని న్యూరల్ నెట్‌వర్కుకి నేర్పించి, వాయిస్తూ ఉండగానే వినిపించవచ్చని చూపించారు. ఇప్పుడు స్టీవెన్ ఆట్కిన్సన్ మొదలుపెట్టిన న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేరు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మూడు నిమిషాల పరీక్ష శబ్దం యాంప్లిఫయరులోంచి పంపి రికార్డు చేసి, రెండూ కంప్యూటరుకి ఇస్తే, ఏది లోపలికెళితే ఏది బయటికొస్తుందో అదే నేర్చుకుంటుంది.

పిల్లల కోసం కొనబోయే తల్లిదండ్రులకి నాలుగు ముక్కలు. హెడ్‌ఫోన్లకైనా, హాల్లో మిక్సరుకైనా నేరుగా తగిలిస్తే కాబినెట్టు మీట తప్పకుండా వెయ్యాలి. నా ఉగాది పాఠం మీకు ఉచితం. అదే పెడల్‌ని మామూలు గిటారు యాంప్లిఫయరుకి తగిలిస్తే ఆ మీట ఆపెయ్యాలి, లేకపోతే స్పీకరు మీద స్పీకరు పడి శబ్దం దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. ఇంట్లో మెల్లగా పెట్టుకుని సరిచేసిన శబ్దం హాల్లో గట్టిగా పెట్టగానే గుబగుబలాడుతుంది. చెవి తక్కువ శబ్దంలో మంద్రాన్ని సరిగ్గా వినదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. అంచేత కార్యక్రమానికి ముందు ఒకసారైనా గట్టిగా పెట్టి వినాలి. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. హెడ్‌ఫోన్లలో హోరు ఇంటివాళ్ళకి వినపడదు గానీ పిల్లల చెవులకి వినపడుతుంది. వాల్యూం మీద ఒక కన్నేసి ఉంచండి.

ఇదంతా చదివాక నాకొకటి అర్థమైంది. ఏ కంపెనీ పెడల్ తిప్పినా జాబితాలో మొదట కనపడేవి అవే: ఫెండర్, వోక్స్, మార్షల్. పేరున్నవాళ్ళ గొంతులు వెయ్యి పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. పేరులేని నా యాంప్లిఫయర్ ఏ జాబితాలోనూ ఉండదు. నేను దాన్ని ఇచ్చేస్తే తాతగారి రేడియోకి పట్టిన గతే దీనికీ పడుతుంది. ఉంచుకుంటే అలమరలో మూగగా ఉంటుంది. మూగగా ఉన్నదాన్ని ఉంచుకోవడం ఉంచుకోవడమేనా?

మొత్తానికి ఒక నిర్ణయానికి వచ్చాను. ముందు ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి పాత కెపాసిటర్లు మార్పించాను. తొమ్మిదేళ్ళు పడుకున్న ట్యూబు యాంప్లిఫయరుని ఊరికే స్విచ్చి వెయ్యకూడదు, లోపల ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది, మీరూ సొంతంగా తెరవకండి. తరవాత కింది ఇంటాయన తలుపు తట్టాను. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు భరించండి, ఇదే ఆఖరు అన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అయితే నేనూ వచ్చి వింటాను అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. గుమ్మంలో నుంచుని విన్నాడు. స్పీకరు ముందు మైకు పెట్టి పరీక్ష శబ్దం పంపించాను, ఆ తరవాత నాకు వచ్చిన నాలుగు ముక్కలూ వాయించి రికార్డు చేశాను. ఆ రాత్రి కంప్యూటరు నేర్చుకుంది. తెల్లారేసరికి నా ఇరవై కిలోల పెట్టె ఒక చిన్న ఫైలు అయింది.

నష్టం ఏమీ లేదని చెప్పను. ఆ ముద్ర ఒక్క క్షణానిది. ఆ రోజు మరలు ఏ అంకె మీద ఉన్నాయో ఆ గొంతే వచ్చింది. ఇంకో అంకె కావాలంటే ఇంకో ముద్ర తియ్యాలి. హెడ్‌ఫోన్లలో వాయిస్తే స్పీకరు గాలి పంట్లానుకి తగలదు, ఆ గాలికి తీగలు తమంతట తాము మోగడమూ ఉండదు. ఇంకొకటి. ఈ సంగీతం పుట్టిందే స్పీకరు కోసి, కాగితాలు కుక్కి, పాడు చేసి. ముద్రలు తీసుకునేవాళ్ళం పాతదాన్ని భద్రం చేస్తాం. కొత్త శబ్దం మాత్రం ఎవరో కుర్రాడు ఈ పెడల్‌ని కూడా తప్పుగా వాడి పుట్టిస్తాడు.

అందుకే యాంప్లిఫయరుని అమ్మలేదు. ఇంటికి విడిగా గరాజు ఉన్న మా స్నేహితుడి కొడుక్కి ఇచ్చేశాను. హైస్కూల్లో ఉన్నాడు, ముగ్గురు స్నేహితులతో బాండు పెట్టాడు. మర్నాడు ఉదయమే వాళ్ళమ్మగారు ఫోను చేసి, "తమ్ముడూ, నీకు మేమేం ద్రోహం చేశాం?" అన్నారు. అంటే అది బాగా పలుకుతోందన్నమాట.

ఇక పరీక్ష సంగతి. మీరు మొదట విన్నది పెడల్, రెండోది అసలు యాంప్లిఫయర్. ఇక్కడ స్టూడియోలో ఉన్నవాళ్ళు ముగ్గురూ తప్పు చెప్పారు. ఇంట్లో మా ఆవిడ తప్పు చెప్పింది. ఏ ముక్క ఏదో తెలియకుండా కలిపి వింటే నేనూ తప్పే చెప్పాను. మా పాప ఒక్కతే సరిగ్గా చెప్పింది. ఎలాగమ్మా అంటే, "నువ్వు ఆపేశాక రెండోది ఇంకా జుంయ్‌మంటోంది నాన్నా" అంది.

అది కరెంటు జుంకారం. గిటారుతో సంబంధం లేకుండా ట్రాన్స్‌ఫార్మరులోంచీ ట్యూబుల్లోంచీ వచ్చేది. నేర్చుకునే కంప్యూటరు గిటారుకి యాంప్లిఫయర్ ఇచ్చే జవాబునే నేర్చుకుంటుంది. ఎవరూ ఏమీ అడగకపోయినా అది తనలో తాను అనుకునేది నేర్చుకోదు. ఇంజనీర్ల లెక్కలో అదీ ఒక లోపమే. తెనాలిలో విజయవాడ కేంద్రం పలికే ముందు నేను విన్నదీ అలాంటి చప్పుడే.

ఆ ఐదు సెకన్ల జుంకారాన్ని విడిగా ఒక ఫైలులో దాచుకున్నాను. 

(ఇక్కడ ప్రసంగం చివర ఐదు సెకన్లపాటు ఆ జుంకారం వినిపించారు.)